మచ్చది ఈనిన దీపావళి

దగ్గరికి జరగండి. ఆ పీట ఇటు లాక్కోండి, గుమ్మానికి అడ్డంగా మాత్రం కూర్చోకండి, గాలి రానివ్వండి. మీరు కూర్చొని వినండి, నేను తిరుగుతూనే చెబుతాను. ఏమీ అనుకోవద్దు. దీపావళికి ఈ సూరత్ పాండేసరలో మిల్లులు మూసి, మగ్గాల చప్పుడు ఆగిందంటే నా కాలు ఒక్కచోట నిలవదు. ఏడాది పొడుగునా ఆ చప్పుడును తిట్టుకునేదాన్ని నేనే. అది ఆగిన పొద్దున మాత్రం పొయ్యి మీద ఏదో పెట్టి మరిచిపోయినట్టు లేచి ఇల్లంతా వెతుకుతాను. నిన్న మా మనవరాలు అడగనే అడిగింది. "సెలవులని అందరు కాళ్ళు చాపుకొని పండుకుంటే, నువ్వేంది అమ్మమ్మా, కాలుగాలిన పిల్లి తీర్గ తిరుగుతవ్?" అని. దానికి చెప్పిందే మీకూ చెబుతాను.

ఇప్పుడు ఆటోలు నిలబడే చోటు ఉంది చూడండి, సిమెంటు పలకలు పరిచి ఉంటుంది, దాని కింద ఖాడీ ఉంది. ఖాడీ అంటే వాగూ కాదు, మోరీ కాదు, రెండిటికీ మధ్యది. నా చిన్నప్పుడు దాని మీద పలకలు లేవు. అద్దకం మిల్లుల నీళ్ళన్నీ అందులోకే వచ్చేవి. ఒకరోజు ఎర్రగా పారేది, ఒకరోజు నీలంగా, ఇంకోరోజు చిలకపచ్చగా. పొద్దున్నే మేం పిల్లలం ఒడ్డున చేరి ఇవాళ ఏ రంగని పందెం కాసేవాళ్ళం. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ బకెట్లు మోయాలి. ఆ వాసన ఎలా చెప్పను? ఉడికిన బట్ట, సోడా, పక్కన మెస్సుల్లో తాలింపు, మా ఇంటి ముందు పులిసిన కుడితి, అన్నీ కలిసి ఒకే గాలి. ఇప్పుడు ఎక్కడైనా బట్ట ఉడకబెడితే చాలు, నాకు ఆకలవుతుంది.

ఖాడీ ఒడ్డున రేకుల ఇళ్ళ వరుస మాది. చాలామంది మనవాళ్ళే, మగ్గాల మీద, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు. మా తాతలది ఊళ్ళో పందులు మేపే ఇల్లు. నాయిన అది వదిలేసి సూరత్ వచ్చి రంగుల మిల్లులో చేరాడు. ఆ ఆవిరి పీల్చి పీల్చి దగ్గు పట్టుకుంది. కూర్చుంటే దగ్గు, నవ్వితే దగ్గు. ఉమ్మితే ఆ రోజు ఏ రంగు అద్దారో తెలిసేది. డాక్టరు ఆ పని మానకపోతే మనిషి దక్కడన్నాడు. నాయిన మిల్లు మానేసి, తనకు తెలిసిన ఇంకో పని అదొక్కటే కాబట్టి, ఒక పడుచు పందిని కొనుక్కొచ్చాడు. నల్లగా నిగనిగలాడేది, నొసట తెల్ల మచ్చ. మేం దాన్ని మచ్చది అనేవాళ్ళం.

మచ్చదానికి తిండి మెస్సుల నుంచి వచ్చేది. పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి అమ్మా నేనూ బకెట్లు తీసుకొని పోయేవాళ్ళం. పెద్ద మెస్సు నడిపే మామ అమ్మను చెల్లె అని పిలిచేవాడు.

"చెల్లె, నేను మంచిగ వండితే నీ పందికి పస్తు, ఖరాబ్ వండితే నాకు పస్తు. ఏంజెయ్యాల్నో నువ్వే చెప్పు."

"ఇయ్యాల అన్నం మెత్తగయిందట గదా అన్నా, అందుకే ఇంకో బకీటు తెచ్చిన."

"ఎవడు చెప్పిండే? వానికి రేపటి సంది రొట్టెలే!"

మచ్చది మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు ఎండాకాలం, పెళ్ళిళ్ళ కాలం. హాళ్ళ వెనక పూరీలు, జిలేబీలు, తీపి పెరుగు గంపలకొద్దీ మిగిలేవి. ఊళ్ళో గంజికి వెతుక్కున్నవాళ్ళం మేము. ఇంత తిండి కళ్ళ ముందు పడేసి ఉంటే చూస్తూ ఊరుకోగలమా? వరుసలోని ఆడవాళ్ళందరికీ అది కడుపుతో ఉన్న ఆడపడుచైపోయింది. పసుపు పెట్టారు, మెడకు పూలు కట్టారు, వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఏదో ఒకటి దాని నోట్లో పెట్టారు. అది ఒళ్ళు చేసింది. ఎంత చేసిందంటే, లేవాలంటే నాయిన వెనక నుంచి తొయ్యాలి. ఈనడానికి నానా యాతన పడింది. ఈనిన తర్వాత లేవలేక పిల్లల మీదే ఒరిగింది. మిగిలినవాటికి పాలు దిగలేదు. వారం తిరగకుండా ఒక్కటీ మిగల్లేదు. నాయిన గుంత తీస్తూ దగ్గాడు, దగ్గుతూ గుంత తీశాడు.

ఆ కబురు విని ఊరి నుంచి నాయినమ్మ వచ్చింది. వచ్చీరాగానే దొడ్లోకి పోయి మచ్చదాని వీపు మీద చెయ్యి వేసి నొక్కి చూసింది.

"దీన్ని ముద్దు జేసి పిల్లల్ని సంపిన్రు గదే. కడుపుతోటి ఉన్నదానికి పెట్టాలె, గానీ కొవ్వెక్కేటట్టు గాదు. పాలిచ్చేటప్పుడు పెట్టున్రి, ఎంతన్న పెట్టున్రి."

నాయిన గడప మీద కూర్చొని అన్నాడు. "ఇంకో ఈత చూస్తనే అవ్వా. అది గూడ గిట్లనే పోతే దీన్ని అమ్మి మళ్ళ మిల్లుకే పోత. పనిలకు దీసుకునే ముకద్దం రమ్మంటనే ఉన్నడు."

అమ్మ లేచి బకెట్లు కడగబోయింది. అప్పటికి అమ్మకు ఐదో నెల, మా తమ్ముడు కడుపులో ఉన్నాడు.

బోనాలప్పుడు మచ్చదాన్ని మగపంది దగ్గరికి తోలారు. నాయినమ్మ వేళ్ళ మీద నెలలు లెక్క చూసుకొని, దీపావళికి ఈనుతుందంది. అక్కడి నుంచి దాని తొట్టికి కాపలా నాయినమ్మే. తవుడు కలిపిన పలుచని కుడితి, గంగవాయిలి కూర, ఖాడీ ఒడ్డున దొరికే ఆకులు. మెస్సు అన్నం వస్తే సగం తీసి పక్కింటి కోళ్ళకు పోసేది. మచ్చది ఊరుకుంటుందా? జిలేబీలు తిన్న నోరు. పొద్దున మొదలుపెడితే మగ్గాల చప్పుడును మించి అరిచేది. షిఫ్టు దిగి వచ్చి పడుకునేవాళ్ళు రేకు తలుపులు బాది తిట్టేవాళ్ళు.

"ఓ అవ్వా, దాని నోట్ల జరంత ఏదన్న వెయ్యరాదే, పండుకోనిస్తలేదు!"

"నీ నోట్ల ఏస్త రారా, పండుకుందువు!"

ఆఖరి నెల వచ్చాక నాయినమ్మే తిండి పెంచింది. లోపలి పిల్లలు గుంజుకునేది ఇప్పుడేనంది. ఈనే రోజు దగ్గర పడగానే మళ్ళీ తగ్గించి, గోరువెచ్చని నీళ్ళలో ఇంత తవుడు మాత్రం పోసింది. బాలింతకు పెట్టినట్టే వెల్లుల్లి, వాము, బెల్లం దంచి ఉండలు చేసింది. పక్కింటామె నవ్వు ఆపుకోలేక, "పందికి గూడ పురుడు పోస్తున్నవా అత్తా?" అంటే, "నీది గూడ ఊర్ల నేనే పోస్తినిగదనే, అప్పుడు నవ్వకపోతివి" అంది. ఆ ఉండలు ఆరబెట్టిన చాట నా కాపలాలో ఉండేది. బెల్లం వాసనకు ఆగలేక ఒకటి నోట్లో వేసుకున్నాను. వెల్లుల్లి మంటకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా ఉమ్మలేదు, బెల్లం పోతుందని.

ఇక్కడే మావాళ్ళు ఒక లెక్క తప్పారు. నాయిన మిల్లులో ఉన్నన్నాళ్ళు ప్రతి దీపావళికీ మేమూ అందరిలాగే సొంతూరికి పోయేవాళ్ళం. అందరూ వెళ్ళిపోయాక సూరత్ ఎలా ఉంటుందో మాలో ఎవరూ చూడలేదు. మచ్చది ఎప్పుడు ఈనుతుందో లెక్క చూశారు గానీ, దానికి కుడితి పోసేవాళ్ళు ఎప్పుడు పోతారో చూడలేదు. పండగ ముందు ఒకరోజు బకెట్లతో పోతే మెస్సు మామ ట్రంకు పెట్టెకు తాడు కడుతున్నాడు.

"రేపటి సంది బంద్ చెల్లె. తినేటోళ్ళు లేంది ఎవరికి వండాలె? మళ్ళ మిల్లులు తెరిచినంకనే."

అమ్మ బకెట్టు కింద పెట్టింది. చంకలో పిల్లాణ్ణి ఎత్తుకుంది, మా తమ్ముడు పుట్టి అప్పటికి నెల దాటింది. "మరి మా మచ్చది?" అంది. మామ తాడు ముడి బిగిస్తూ తల వంచుకున్నాడు. వెళ్ళేముందు డబ్బాలో మిగిలిన బియ్యం నూక మా బకెట్లో వంపాడు.

మచ్చది చక్కగా ఈనింది. ఒక్కటి కూడా పోలేదు, తల్లి ఒక్కదాని మీదా ఒరగలేదు. రెండు చేతుల వేళ్ళకు సరిపోయేన్ని పిల్లలు, ఒక్కొక్కటి ఒక చన్ను చూసుకొని, ఎవరి జాగా వాళ్ళది. నాయినమ్మ ఒళ్ళంతా నవ్వే. ఆ రోజు నుంచే వీధి ఖాళీ కావడం మొదలైంది. మిల్లులు ఆగాయి, మగ్గాలు ఆగాయి, పాలవాడి సైకిలు గంట వరుస చివరి దాకా వినిపించింది. కుక్కలు కూడా తిండి లేక ఎటో పోయాయి. అంత నిశ్శబ్దంలో మచ్చది పిల్లలకు పాలు ఇస్తూ మూలిగే మూలుగు ఒక్కటే.

నూక అయిపోయింది. నాయిన ఖాడీ వెంట తిరిగి గుర్రపుడెక్క కోసుకొచ్చాడు, కూరగాయల మండీ బయట పడేసిన ఆకులు ఏరుకొచ్చాడు. "ఆకు తింటే కడుపు నిండుతది గానీ పాలు పడయిరా" అంది నాయినమ్మ. నేను మిఠాయి కొట్టు వెనక పారబోసిన ఫర్సాణ్ ఒడినిండా తెచ్చాను. కారప్పూస, గాఠియా, అన్నీ. నాయినమ్మ నా ఒడి దులిపేసింది. "గింత ఉప్పు తింటే నురగలు కక్కి పడిపోతది." కిందపడ్డవి నేను తిన్నాను, అది వేరే మాట.

మచ్చది పక్కటెముకలు తేలాయి. పిల్లల వెంట్రుకలు నిక్కపొడుచుకున్నాయి. అన్నిటికంటే చిన్నది ఒక పొద్దున లేవలేదు. నాయిన దాన్ని తీసుకుపోయి వచ్చి, దండెం మీద నుంచి పాత మిల్లు చొక్కా తీసి ఉతికాడు. మిల్లులు తెరిచే రోజు రమ్మని ముకద్దం చెప్పి పోయిన సంగతి అందరికీ తెలుసు. అమ్మ ఆ చొక్కా వైపు చూడకుండా నడిచేది.

ఆ రోజుల్లోనే నేను ఒకటి చూశాను. అమ్మ కంచంలో అన్నం కలుపుకొని, రెండు ముద్దలు తిని, మిగతాది కొంగు చాటున దొడ్లోకి తీసుకుపోయి తొట్టిలో వేసేది. నన్ను చూసి, "నాయినమ్మకు చెప్పినవంటే చూడు" అంది. తమ్ముడు చన్ను పట్టి రెండు గుక్కలు పీల్చి వదిలేసి గుక్కపట్టి ఏడ్చేవాడు. ఇంట్లో వాడి ఏడుపు, దొడ్లో పంది పిల్లల ఏడుపు. ఇప్పుడు మగ్గాలు ఆగితే నాకు వినిపించేది అదే.

మిల్లులు ఆగాక ఖాడీ రంగు వెలిసిపోయి ఉత్త మురికినీళ్ళే పారుతున్నాయి. ఒక పొద్దున మచ్చదాన్ని నీళ్ళకు తోలాను. చూస్తుండగానే ఎగువ నుంచి ఒక తెల్లటి చార మెల్లగా వచ్చింది. ఎర్ర రంగు చూశాం, నీలం చూశాం, తెల్ల రంగు ఎవరు అద్దుతారు? మచ్చది అందులో మూతి పెట్టింది, ఇక ఎత్తలేదు. వంగి వాసన చూశాను. పుల్లటి మజ్జిగ.

ఉరికి అమ్మకు చెప్పాను. "ఎవరింట్ల గింత మజ్జిగ పారబోస్తున్నరే?" అని పిల్లాణ్ణి చంకనేసుకొని, బకెట్టు పట్టుకొని, ఒడ్డు వెంట ఎగువకు నడిచింది. అక్కడ బర్రెల తబేలా ఉంది. దాని యజమానురాలు ఒక ముసలామె, చేతుల నిండా పచ్చబొట్లు, అందరూ బా అని, అంటే అమ్మ అని, పిలిచేవాళ్ళు. మా మచ్చది కనిపిస్తే కర్ర తీసుకొని తరిమేది. ఆ పొద్దున కుండతో మజ్జిగ ఖాడీలో వంపుతోంది.

అమ్మకు ఆమె భాష రాదు, నాకు వచ్చు. ఆమె గుజరాతీలో అన్నదంతా నాకు తెలుగులోనే గుర్తుంది.

"అడుగు. గా మజ్జిగ మనకియ్యమని అడుగు. పందికని చెప్పు, దాయకు" అంది అమ్మ.

"పందికంటే ఇయ్యదమ్మా."

"దాస్తే రేపు తెలుస్తది. చెప్పు."

చెప్పాను. బా కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "పాలు లక్ష్మి. చాయ్ దుకాణాలు మూసిండ్రు, మెస్సులు మూసిండ్రు, కొనేటోడు లేడు. సెలవులని బర్రెలకు ఎవరు చెప్పాలె? తోడుపెట్టి, చిలికి, నెయ్యి తీస్తున్న. మజ్జిగ నీళ్ళల్ల పోస్తే నీళ్ళల్ల కలుస్తది. పంది నోట్ల పోస్తే నా తబేలాల దూడ దక్కదు. పో!"

అమ్మ కదల్లేదు. అప్పుడే తమ్ముడు లేచాడు. అమ్మ పక్కకు తిరిగి వాడికి చన్ను అందించింది. వాడు రెండు గుక్కలు లాగి, వదిలేసి, అరిచాడు. బా కుండ కింద పెట్టింది. పాలు పితికే మనిషి, ఆ అరుపు ఏమిటో ఆమెకు ఒకరు చెప్పాలా?

"పాలు లేవా?" అని నన్ను అడిగింది. అమ్మకు చెప్పాను.

"ఉన్నయని చెప్పు."

నేను అది చెప్పలేదు. ఒక్క ఊపిరిలో, లేవన్నాను. అమ్మ తన అన్నం పందికి వేస్తోందన్నాను. పిల్లలు చస్తే మా నాయిన మళ్ళీ మిల్లుకు పోతాడని, పోతే దగ్గి దగ్గి చచ్చిపోతాడని. అమ్మకు మాటలు తెలియకపోయినా మిల్లు అన్న మాట పట్టుకుంది. నా తొడ మీద మెలి తిప్పి గిల్లింది.

బా లోపలికి పోయి చెంబు తెచ్చింది. బకెట్టు ముందుకు పెట్టబోయిన అమ్మను చేత్తో ఆపింది.

"పెహలే తూ పీ."

ముందు నువ్వు తాగు. ఆ హిందీ అమ్మకూ అర్థమైంది. తమ్ముణ్ణి నా చేతుల్లో పెట్టి వంగి దోసిలి పట్టింది. బా చెంబు తగలకుండా పైనుంచి పోసింది. చిక్కటి మజ్జిగ, వెన్న తునకలు కూడా పడ్డాయి అందులో. అమ్మ మధ్యలో ఆగితే బా ఊరుకోలేదు, చెంబు ఖాళీ అయ్యేదాకా పోసింది. తర్వాత బకెట్టు కింద పెట్టమని, దూరం నుంచే నింపింది.

"రోజు రా. నా కండ్ల ముంగట తాగితెనే బకీటు నింపుత. లేకపోతే ఖాడీలకే. నీ పంది మాత్రం నా గడ్డివాము దిక్కు రావద్దు."

ఇంటికి వచ్చాక నాయినమ్మకు అన్నీ తెలిశాయి, నేనే చెప్పాను. "అదీ పాలిచ్చేదే, నువ్వూ పాలిచ్చేదానివే. నీ కడుపు గొట్టి దానికి పెడితే ఇంట్ల పిల్లగాడెండుతడు, దొడ్లె పిల్లలెండుతయి. నీకు బుద్ధున్నదానే?" అని తిడుతూనే పొయ్యి వెలిగించింది. డబ్బా అడుగున మిగిలిన గుప్పెడు తవుడు మజ్జిగలో ఉడకబెట్టి, మచ్చదానికి మొదట కొంచెమే పోసింది. ఎండిన కడుపు, ఒక్కసారి పోస్తే తట్టుకోదంది. మరునాడు ఇంకొంచెం, ఆ మరునాడు తొట్టి నిండా. పక్కనే కుండెడు మంచినీళ్ళు.

రోజూ పొద్దున అమ్మ దోసిలి పట్టేది, బా పైనుంచి పోసేది. కొన్నాళ్ళకు పంది పిల్లల వెంట్రుకలు ఒంటికి అంటుకున్నాయి, తోకలు చుట్ట తిరిగాయి. మా తమ్ముడు చన్ను నోట్లో ఉండగానే నిద్రపోయాడు. అమ్మ వాణ్ణి పడుకోబెట్టకుండా అలాగే గోడకు ఆనుకొని కూర్చుంది.

మిల్లులు తెరిచే రోజు వచ్చింది. సైరను మోగింది. నాయిన ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. అమ్మ పొయ్యి దగ్గర, నాయినమ్మ గడప దగ్గర ఉన్నారు. నాయిన చెప్పుల్లో కాళ్ళు పెట్టి, ఒక్కసారి చూసి పోతానని దొడ్లోకి వంగాడు. ఒక పిల్లను ఎత్తుకొని కడుపు తట్టి చూశాడు. అది చొక్కా మీద ఉచ్చ పోసింది. నాయిన నవ్వాడు, నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గు తగ్గాక ఇంకో పిల్లను ఎత్తుకున్నాడు. తర్వాత ఇంకోదాన్ని. రోడ్డు మీద సైకిళ్ళు పోతున్నాయి, ఎవరో "రావా అన్నా?" అని కేకేశారు. నాయిన ఆ చొక్కా విప్పి, పాలు తాగి తడిసిన మూతులు తుడుస్తూ కూర్చున్నాడు. రెండో సైరను మోగి ఆగింది. ఆయన లేవలేదు.

మిల్లులు తెరిచాక చాయ్ దుకాణాలూ తెరిచారు. బా దగ్గర మజ్జిగ మిగల్లేదు, మాకు మెస్సు బకెట్లు మళ్ళీ వచ్చాయి. అమ్మ ఒకరోజు బకెట్టు లేకుండా తబేలా దాకా పోయింది. బా దూరం నుంచే, "పిల్లగాడు?" అంది. అమ్మ తమ్ముణ్ణి పైకెత్తి చూపించింది. బా తలాడించి బర్రె దగ్గరికి పోయింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు మున్సిపాలిటీవాళ్ళు వచ్చి పందుల దొడ్లు తీయించారు. తబేలా కూడా పోయింది, అక్కడ మేడలు లేచాయి. నాయిన ఇంకేవేవో పనులు చేశాడు, రంగు మాత్రం మళ్ళీ ముట్టలేదు, దగ్గుతూనే మనవరాళ్ళను ఎత్తుకున్నాడు. బా గురించి మాత్రం నాకు ఈ రోజుకీ తెగదు. చెంబు మా చేతికి తగలనివ్వలేదు. అమ్మ కడుపు నిండేదాకా చెంబు దించనూ లేదు. ఒకటి తలుచుకుంటే కోపం వస్తుంది, ఇంకోటి తలుచుకుంటే కళ్ళు తడుస్తాయి, రెండూ ఒకే చేతివి. ఎటూ తేల్చుకోలేకే ఇలా తిరుగుతుంటానేమో.

ఎవరింటికి పోయినా నా కన్ను ముందు చంటిపిల్ల తల్లి కంచం మీదికే పోతుంది. కోడళ్ళు నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి.

చాలాసేపు కూర్చున్నారు, ఇక లేవండి. మీ ఇంట పొయ్యి చల్లారకూడదు. మీ దొడ్లో ఏది ఈనినా అన్నీ దక్కాలి. మీ ఇంట పాలిచ్చే తల్లి ఎవరి కోసమూ దాచిపెట్టకుండా, ఎవరి కంచం వైపూ చూడకుండా, అందరికంటే ముందు కడుపునిండా తినాలి. ఆమె తిన్న తర్వాతే మీరందరూ తినేంత మీ కుండలో ఎప్పుడూ ఉండాలి.